నది పాఠానికి మార్కులు

"మనిషి లోపలికొచ్చిందన్న గుర్తింపైనా లేదే!" అనుకుంటూ మేడం వెనక బెంచీలో కూర్చుంది.

ముప్పై ఆరేళ్లు భూగోళశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి ఆవిడ. లెక్చరర్ల క్లాసుల్లో కూర్చుని, ఎవరెలా చెబుతున్నారో చూసి మార్కులు వెయ్యమని యూనివర్సిటీ వాళ్లు పిలిచారు. ఆవిడ చేతిలో ట్యాబ్, అందులో పది గడుల ఫారం. గడికి పది మార్కులు. ఏడాది ఒప్పందం మీద పనిచేసేవాళ్లకి మొత్తం యాభై రాకపోతే ఇంటికే.

ఈ లెక్చరర్‌ది కూడా అలాంటి ఉద్యోగమే. నలభై దాటిన మనిషి, సన్నగా, ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. టేబుల్‌కి చెయ్యి ఆనించి నిలబడ్డాడు తప్ప ఆవిడకేసి తలైనా తిప్పలేదు.

ముందు బెంచీలోంచి క్లాస్ లీడర్ లేచింది.

"సార్, మార్కులు వెయ్యడానికి మేడం వచ్చారు. వెనక, కుడివైపు చివర్లో కూర్చున్నారు."

"నమస్కారం మేడం" అన్నాడు లెక్చరర్, ఆవిడ తల మీదుగా గోడకేసి చూస్తూ.

'ఎంత పొగరు!' మేడంకి ఒళ్లు మండింది.

హాజరు కూడా ఆయన పిలవలేదు. పిల్లలే వరసగా నంబర్లు చెప్పేసుకున్నారు. రిజిస్టర్లో టిక్కులు పెట్టింది క్లాస్ లీడరే. పాఠం మొదలయ్యాక బోర్డు దగ్గరికి వెళ్లింది కూడా ఆ పిల్లే. ఆయన చెబుతుంటే బొమ్మ వేసింది. తన పని పిల్లల చేత చేయించుకునే రకమన్నమాట. 'బోర్డు వాడకం, స్వయంగా' అన్న గడిలో మేడం సున్నా వేసింది.

పిల్లలూ అలాగే ఉన్నారు. చెయ్యెత్తడం లేదు, లేవడం లేదు. "సార్, పదిహేడు. ఒక డౌటు" అని కూర్చున్నచోటి నుంచే అరుస్తున్నారు. క్రమశిక్షణకి రెండు. పిల్లలకేసి చూస్తూ మాట్లాడటానికి ఒకటి, అదీ జాలిపడి.

ఇంతలో పాఠం ఊపందుకుంది.

"నదికి వయసు మీదపడితే ఏం చేస్తుందర్రా? దూకుడు తగ్గుతుంది. కొండ మీద ఉన్నన్నాళ్లూ బండరాయి అడ్డొచ్చినా దూకేసేది. ఇప్పుడు మట్టిపెళ్ల అడ్డొచ్చినా పక్కకి తప్పుకుంటుంది. తప్పుకుని తప్పుకుని మెలికలు పడుతుంది. మెలిక బయటివైపు నీళ్లు పరుగెత్తాలి, అందుకని ఒడ్డుని కోసేస్తాయి. లోపలివైపు తీరిగ్గా నడుస్తాయి, అందుకని మోసుకొచ్చిన ఇసకని అక్కడ దించేస్తాయి. ఇలా ఏళ్లు గడిచాక ఓ వరద రోజున ఆ మెలిక మెడ తెగుతుంది. నది సూటిగా వెళ్లిపోతుంది. పాత వంపు మాత్రం వెనక మడుగై ఉండిపోతుంది."

క్లాసంతా ఊపిరి బిగబట్టి వింటోంది. ఇదే పాఠాన్ని రంగు పటాలు పెట్టి ముప్పై ఆరేళ్లు చెప్పింది మేడం. ఒక్కనాడూ ఇలా కళ్లకు కట్టినట్టు చెప్పలేకపోయింది. మారు ఆలోచించకుండా విషయ పరిజ్ఞానానికి పది, వివరణకి పది వేసింది.

గంట కొట్టేలోపు సమయపాలన లాంటి మిగతా గడులు కూడా నింపేసింది. ఫారం తనంతట తనే కూడి చూపించింది: నలభై ఆరు.

మేడం మళ్లీ ఓసారి కూడి చూసుకుంది. నాలుగంటే నాలుగు మార్కులు తక్కువ! మిగిలిన గడి ఒక్కటే, 'నోటుపుస్తకాలు దిద్దుట, స్వయంగా'. పిల్లల పుస్తకాలు తిరగేస్తే ఒక్కదాన్లోనూ ఎర్రసిరా గీత లేదు.

ఆవిడే లేచి టేబుల్ దగ్గరికి వెళ్లింది.

"చూడండి, మీలాంటివాళ్లు పోకూడదు. నా ఎదుట ఒక్క పుస్తకం దిద్దండి చాలు. మిగతాది నేను చూసుకుంటాను."

లెక్చరర్ నీళ్లు నమిలాడు. "పిల్లలు చదివి వినిపిస్తే తప్పులు చెబుతాను మేడం. మా పద్ధతి అదీ."

"ఫారంలో స్వయంగా అని ఉందండీ!" అంటూ క్లాస్ లీడర్ పుస్తకం తీసి ఆయన చేతిలో పెట్టింది.

"సార్, అందులో మూడో లైన్లో నేను..." అంటూ ఆ పిల్ల పరుగున వచ్చింది.

"నువ్వు మాట్లాడకమ్మా. సార్‌నే దిద్దనీ."

ఆయన పుస్తకం తెరిచాడు. కాగితం మీద అరచేయి ఆనించాడు. తర్వాత నెమ్మదిగా మూసేశాడు.

"బాగానే రాసింది మేడం."

"పేజీ అయినా తిప్పకుండా చెప్పేస్తారా? మీకోసం ఇంత దిగొచ్చానే! నలుసంత పని చెయ్యడానికి ఏమిటండీ మీ బాధ?"

"మీరు చూసింది మీరు వెయ్యండి మేడం" అన్నాడాయన. గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

మేడం చేతులెత్తేసింది. దొంగ మార్కులు ఆవిడ జన్మలో వెయ్యలేదు. ఆఖరి గడిలో సున్నా వేసి 'పంపించు' నొక్కింది. ఒకసారి పంపితే మార్చడానికి వీల్లేదు.

వసారా చివరికి వచ్చేసరికి వెనక నుంచి అడుగుల చప్పుడు. క్లాస్ లీడర్.

"మేడం, మా సార్ పాసయ్యారా?"

మేడం తల అడ్డంగా ఊపింది.

"నేనేం చెయ్యనమ్మా? బతిమాలాను కూడా. ఒక్క పుస్తకం దిద్దమంటే దిద్దడు. కారణమేదైనా ఉంటే నోరు తెరిచి చెప్పొచ్చుగా?"

"చెబితే ఆ రోజే తీసేస్తారు మేడం. అందుకే ఏడాదిగా క్లాసంతా కలిసి దాచుకొస్తున్నాం."

"ఏమిటి దాస్తున్నారు?"

ఆ పిల్ల అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"మా సార్‌కి చూపు లేదు."