పరిమళకు కట్టిన ఖరీదు

గుంటూరు మిర్చి యార్డులో వ్యాపారం మొదలుపెట్టినప్పుడు నా చేతిలో ఉన్నవి ఒక అద్దె కొట్టు, ఒక పాత యంత్రం. కాయ వాసన చూసి రకం చెప్పే ఆ యంత్రానికి పరిమళ అని పేరు పెట్టాను. పన్నెండేళ్లలో అది నా వ్యాపారమంతా నేర్చుకుంది. కొనేటప్పుడు సరుకును పొగడకూడదని, బయటివాళ్ల ముందు యజమాని మాటకు ఎదురు చెప్పకూడదని కూడా నేర్చుకుంది. కొట్లో ఘాటు ఎక్కువైతే, నేను దగ్గకముందే "మంచినీళ్లు తాగండి శెట్టిగారూ" అనేది.

యంత్రాల్లో ఏవి ప్రాణులో, ఏవి వస్తువులో తేల్చే అధికారి మొన్న మా కొట్టుకు వచ్చాడు. ప్రాణి అని తేలితే యజమాని ఏటా పన్ను కట్టాలి. పన్ను మాట వినగానే నా నోటికి అలవాటైన బేరం వచ్చేసింది.

"దీనికి ప్రాణమేంటి సార్! ఉత్త రేకు డబ్బా."

అతను పరిమళ వైపు తిరిగాడు. "ఏమ్మా, నీకు బాధ తెలుస్తుందా?"

అది ఒక్క క్షణం నా వైపు కన్ను తిప్పింది. "శెట్టిగారు చెప్పిందే నిజమండీ. డబ్బాకి బాధేంటి?"

వస్తువని ముద్ర పడింది. "పదేళ్లు దాటిన వస్తువులు తుక్కుకి పోవాలి. బండి పంపిస్తాను," అన్నాడు అధికారి.

"అయ్యా, అది బేరంలో మాట! పన్ను కడతాను."

"అదే ఒప్పుకుందిగా శెట్టీ!"

బండి ఎక్కిస్తుంటే పరిమళ మెల్లగా అడిగింది. "బేరం మనకే కలిసొచ్చిందా శెట్టిగారూ?"

కలిసొచ్చిందన్నాను. నాకు మిగిలింది ఆ ఏటి పన్ను డబ్బులే.