మ్యాపులో లేని చుక్క

"ఈ వీధిలో ఏడాదిగా ఏ నేరమూ జరగలేదటక్కా! పోలీసులు నెట్‌లో పెట్టిన మ్యాపులో ఒక్క ఎర్రచుక్కా లేదు," అంటూ పక్క వాటాలో అద్దెకు దిగబోతున్న నర్సు ఫోను చూపించింది.

టైలరమ్మకు ఏమీ అనిపించలేదు. ఆ మ్యాపులో తన ఇంటిమీద చుక్క ఉన్నన్నాళ్లూ వీధంతా ఆమె గుమ్మంవైపే చూసింది. స్టేషను చుట్టూ తిరిగి, బతిమాలి తీయించుకుంది.

"ఒక్కదానివే ఉంటావా?"

"నేనూ, చెల్లీ. నాకు నైట్ డ్యూటీ పడితే అదొక్కతే."

టైలరమ్మ కత్తెర కింద పెట్టింది.

"ఒక చుక్క ఉండేదమ్మా. నాదే. నేనే తీయించేశాను."

నర్సు ఏం జరిగిందని అడగలేదు. ఫోను ఆపేసి, మెల్లగా అంది: "ఎటునుంచి వచ్చాడక్కా?"

"పెరటి తలుపు గడియ ఊడదీసి. మీ వాటాకీ అలాంటి గడియే. పద, చూపిస్తాను."