ఎర్రిబాబు తెచ్చిన కాగితాలు

ఎర్రిబాబు మళ్లీ కాగితం పట్టుకుని బెల్లం కొట్టు ముందు నిలబడ్డాడు.

కొట్టు త్రినాధరావుది. అనకాపల్లి బెల్లం మార్కెట్లో ముప్పై ఏళ్ల వ్యాపారం. ఎనిమిది నెలల కిందట కార్పొరేటర్‌గా గెలిచాడు. ప్రచారానికి పెద్దగా తిరక్కుండానే గెలిచాడు. అంతా తన పేరు చూసే ఓట్లేశారని ఆయన నమ్మకం.

ఈ ఎనిమిది నెలల్లో ఎర్రిబాబు రాని సోమవారం లేదు.

“ఈసారి ఏటి?”

“సేపల వీధిలో కాలవ మీద సిమెంటు పలక ఇరిగిపోనాది బాబూ. ముసిలోళ్లు పడిపోతన్నారు.”

“నీ ఇల్లు అక్కడేనా?”

“కాదు బాబూ. రెండు వీధులవతల.”

“పోయిన వారం ఎవరిదో పింఛను. అంతకు ముందు వీధి లైటు. నీ సొంత పని ఒక్కటీ లేదు. అసలు నీకేటి కావాలి?”

“పలక ఏయించండి, సాలు.”

కొట్లో కూర్చున్న వ్యాపారులు నవ్వారు. త్రినాధరావుకి చిన్నతనంగా తోచింది. అవతలి పార్టీ వాళ్లే తనని అల్లరి పెట్టడానికి ఇతన్ని పంపుతున్నారనిపించింది.

“ఆ వీధి వాళ్లకి కాళ్లున్నాయి. కావాలంటే వాళ్లే వస్తారు. నువ్విక రాకు.”

ఎర్రిబాబు కాగితం బల్ల మీద పెట్టాడు. “అలాగే బాబూ” అని దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

తర్వాతి సోమవారం రాలేదు. ఆ పై సోమవారమూ రాలేదు.

హాయిగా ఉండాల్సింది. కానీ గుమ్మంలో చెప్పుల చప్పుడైతే చాలు, త్రినాధరావు తలెత్తి చూస్తున్నాడు.

మూడో సోమవారం ఇంజనీరుని వెంటబెట్టుకుని తనే ఆ వీధికి వెళ్లాడు. గెలిచాక అక్కడ అడుగుపెట్టడం అదే మొదలు.

విరిగిన పలక పక్కన, ఆ వీధిలో చేపలమ్మే బుల్లమ్మ బుట్ట దించుకుంటోంది.

“రేపు కొత్త పలక పడుద్దమ్మా. ఎర్రిబాబుకి చెప్పు, నేనొచ్చేనని.”

బుల్లమ్మ ఆయన మొహంకేసి చూసింది.

“ఇంకెక్కడి ఎర్రిబాబు, బాబూ! గుండెనొప్పొచ్చి పోయి పది రోజులైపోనాది.”

త్రినాధరావు ఆమె దగ్గరికి జరిగాడు.

“ఇంతకీ ఆయన ఏ పార్టీ మనిషమ్మా?” మెల్లగా అడిగాడు.

“పార్టీయేటి బాబూ! మొన్న ఎలచ్చన్లకి ఈ వీధులోళ్లందరం నిలబడమన్నది ఆయన్నే. ‘నాకంటే ఆ సావుకారికి ఆఫీసుల్లో మాట సెల్లుద్ది, ఆయన సేత మన పనులు నేను సేయిత్తాను’ అని, ఇంటింటికీ తిరిగి మా సేత మీకు ఓట్లేయించేడు.”