గడియారం కింద బెంచీ

సందర్శకులంతా వెళ్ళిపోయాక ఓదీల్ పెద్ద గడియారం కింది బెంచీ మీద కూలబడింది. సేన్ నది ఒడ్డున ఒకప్పటి ఆ రైల్వేస్టేషన్ ఇప్పుడు చిత్రాల మ్యూజియం. ముప్పై ఏళ్ళుగా ఆమె అక్కడే కాపలా కాస్తోంది. పొద్దుటి నుంచీ నిలబడి కాళ్ళు రాళ్ళయిపోయాయి. ఒకప్పుడు పట్టాలున్న చోట పాలరాతి బొమ్మలు చీకట్లో నిలబడి ఉన్నాయి. ఎక్కడా చప్పుడు లేదు.

ఎడమచేతిలోని వాకీటాకీ గరగరలాడింది. కెమెరాల గదిలోంచి బెన్వా.

"ఓదీలక్కా, ఇంకెంతసేపు? ఇంటి దగ్గర నా సూప్ చల్లారిపోతోంది."

"కాళ్ళు కదలట్లేదురా. ఒక్క నిమిషం ఆగు."

"సరే, కూర్చో. ముందు ఆ పాప సంగతి చూడు. వాళ్ళమ్మా నాన్నా ఎక్కడున్నారో ఏమో."

"ఏ పాప?"

బెన్వా నవ్వాడు. "వేళాకోళమా? నీ ఒళ్ళో తలపెట్టుకుని పడుకుందిగా, చిన్న పెట్టె కూడా పక్కన పెట్టుకుని. పావుగంట నుంచీ జోకొడుతూనే ఉన్నావు!"

ఓదీల్ తల దించి చూసింది. ఒడి ఖాళీగా ఉంది. కానీ ఆమె కుడిచెయ్యి, ఒడికి జానెడు ఎత్తున, గాలిలో మెల్లగా లేస్తూ వాలుతోంది. ఎప్పుడు మొదలైందో ఆమెకే తెలియదు.

ఆపేద్దామనుకుంది. ఆపితే నిద్రలేస్తుందేమోనని భయం వేసింది. అలాగే జోకొడుతూ కూర్చుండిపోయింది.