బుగ్గలో పూస

"ఎర్ర పూస! ఇప్పుడే ఇక్కడ చూశాను. ఫొటో తీద్దామని కెమెరా తెచ్చేలోపే మాయమైంది. ఎవరు తీశారు?"

గుంట అంచున నిలబడి పద్మప్రియ మేడం గట్టిగా అడిగింది. నేలలో పాతకాలపు గుర్తులు వెతికే ఆఫీసరు ఆమె. గుంటలో ఉన్నది ఇద్దరే. పలుగు పట్టిన రాంబాబు, జల్లెడ పట్టిన సువర్ణ. ఆ చేను కూడా సువర్ణదే.

"నాకు తెల్వదు మేడం" అన్నాడు రాంబాబు.

సువర్ణ తల అడ్డంగా ఊపింది. నోరు మాత్రం తెరవలేదు. ఎలా తెరుస్తుంది? పూస ఆమె ఎడమ బుగ్గలో, వక్కపొడి పక్కన ఉంది.

"పూస కనిపించింది నీ పలుగు కిందే కదా! రేపటి నుంచి పనికి రావద్దు" అంది మేడం రాంబాబుతో.

రాంబాబు మొహం మాడిపోయింది. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "అక్కా, నువ్వన్న చెప్పరాదే, నేను తియ్యలేదని" అన్నాడు. సువర్ణ తల వంచుకుని జల్లెడ ఆడించసాగింది.

ములకలపల్లి అడవి అంచున, వాగుకు ఇవతల సువర్ణ పత్తి చేను. అవతల ఒడ్డున వెంకటరామారావు గారి పామాయిల్ తోట. కొత్త రోడ్డు ఆ తోటలోంచే పోతుందని ఊరంతా చెప్పుకుంటోంది. రోడ్డు వేసే ముందు రెండు ఒడ్లూ తవ్వి చూడాలట. ఎందుకో కూలీలకు చెప్పరు. చెబితే జనం ఎక్కడెక్కడి పాత కుండ పెంకులో తెచ్చి గుంటల్లో పడేస్తారట.

సువర్ణకు కారణం చెప్పింది రావుగారే. ఖమ్మంలో ఆయనకు తెలియని ఆఫీసు లేదు. దారిలో బండి ఆపి మరీ చెప్పారు.

"చూడమ్మా సువర్ణా, పాత వస్తువు ఒక్కటి బయటపడిందా, నీ చేను చుట్టూ కంచె వేసి బోర్డు పెట్టేస్తారు. నా తోట ఎలాగూ పోతోంది. నీకున్నదల్లా ఆ ముక్కే కదా, జాగ్రత్త."

తోట పోతోందన్న బాధలో కూడా తన చేను గురించి ఆలోచించాడే అని సువర్ణకు కళ్లు చెమర్చాయి. ఆ రోజు నుంచి జల్లెడలో పెంకు కనిపిస్తే చాలు, కొంగులోకి పోయేది. సాయంత్రం పత్తికట్టె కుప్ప కింద చేరేది.

అయితే మేడం మంచిది, అదే వచ్చిన చిక్కు. సువర్ణ పక్కనే గెట్టు మీద కూర్చుని జొన్నరొట్టె అడిగి మరీ తినేది. పొద్దువాలగానే ఆశగా జల్లెడలోకి తొంగిచూసేది.

"ఏమైనా తగిలిందా సువర్ణా?"

"ఏం లేదు మేడం."

మేడం మొహం చిన్నబోయేది. "ఇంకో మూల తవ్వుదాం. ఒక్కటైనా దొరక్కపోతుందా!" అనేది. నా చేను మీద ఈమెకు ఇంత పట్టుదల ఏందని సువర్ణకు ఒళ్లు మండేది. మరుక్షణమే, ఆమె రొట్టె తింటూ నవ్విన నవ్వు గుర్తొచ్చి సిగ్గేసేది.

రాంబాబు వెళ్లిపోయాక ఆ సిగ్గు ఇంకా ముదిరింది. బోరింగు దగ్గర అతని భార్య భవాని బిందె దించి ఏడ్చింది. "మా ఆయన దొంగనా అక్కా? నువ్వు అక్కడ్నే ఉన్నవు గద!"

సువర్ణ బిందె సగం కూడా నిండకుండానే ఎత్తుకుని వచ్చేసింది.

"ఊకో. చేను దక్కింది గద" అన్నాడు భర్త కోటేష్. ఆమెకు మాత్రం ముద్ద దిగలేదు. ఛీ, ఇదీ ఒక బతుకేనా అనుకుంది.

గుంటలు పూడ్చేసి మేడం సామాను జీపులో సర్దుతుంటే, సువర్ణ పరుగెత్తుకుంటూ వెళ్లింది. కొంగు ముడి విప్పింది. ఎర్ర పూస. దోసెడు పెంకులు.

"రాంబాబు దొంగ కాదు మేడం. నేనే తీసిన. చేను గుంజుకుంటరని భయపడ్డ. నన్ను ఏమన్న అనుండ్రి, వాన్ని అనకుండ్రి."

మేడం పూసను అరచేతిలోకి తీసుకుంది. జీపు అంచున కూలబడింది.

"మట్టిలో ఉండగా ఫొటో తియ్యాలి సువర్ణా. ఇలా తెచ్చిస్తే పైన ఎవరూ నమ్మరు. ఏమీ దొరకలేదని రిపోర్టు కూడా పంపేశాను."

సిగ్గుతో తల ఎత్తలేకపోయినా, సువర్ణ గుండె కాస్త కుదుటపడింది.

"అట్లయితే నా చేను పోదు గద మేడం?"

మేడం వాగు అవతలి ఒడ్డు వైపు చూసింది.

"దొరికిన ఒడ్డును వదిలేసి దొరకని ఒడ్డు మీదుగా రోడ్డు వేస్తారు సువర్ణా, అవతల తగిలిన ప్రతి పెంకునూ మట్టిలో ఉండగానే రావుగారు నన్ను పిలిచి మరీ ఫొటో తీయించారు."