తోడు

రాగి ఫ్యాక్టరీలో కొలుములు ఆరిపోయాయి. ఇప్పుడు ఖనిజపు బురదలోంచి రాగిని క్రిములే విడదీస్తాయి. పాలకు తోడుపెట్టినట్టు కార్మికుల వంటిళ్లలో ఆ బురద పీపాలకు క్రిములతో తోడుపెట్టి పోయింది కంపెనీ. చల్లబడితే క్రిములు చస్తాయి కనుక ఇంటి మీటరు మీదే హీటరు రాత్రింబవళ్లు మండాలి. పీపాలోంచి వచ్చే కుళ్లిన గుడ్ల కంపుకి, ఆ కార్మికుల్లో ఒకడి భార్య అసిరమ్మకు ముద్ద దిగడం లేదు.

రాగి పట్టుకెళ్లడానికొచ్చిన ఆఫీసరు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "మా ఫ్యాక్టరీకిప్పుడు కరెంటే అక్కర్లేదమ్మా," అన్నాడు.

"మరి ఈ హీటరు ఏటి తాగి మండతంది బాబూ?"

"అది గృహ వినియోగం."

అసిరమ్మ పెరుగు గిన్నె తెచ్చి అతని ముందు పెట్టింది. ఆ క్రిములు పడి పెరుగు ఆకుపచ్చగా, చీమిడిలా సాగుతోంది. అతను ముఖం తిప్పుకున్నాడు.

"ఇదీ గృహ వినియోగమే, తినండి," అని ఆమె హీటరు ప్లగ్గు పీకేసింది.