పన్నెండో టేకు

"కట్!" దర్శకుడు క్రాట్జ్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు. "చావబోతున్న గ్యాంగ్‌స్టర్‌వయ్యా నువ్వు! కళ్ళలో భయమేదీ?"

పదకొండో టేకు కూడా పోయింది. హీరో హార్లిగన్‌కి చీమ కుట్టినట్టయినా లేదు.

"విస్కీ అని చల్లారిన టీ ఇచ్చి తూలమన్నావు, తూలాను. భయం మాత్రం నావల్ల కాదు. పుట్టి ఇన్నేళ్ళయినా అదేమిటో నాకు తెలీదు."

"ఇంకొక్క టేకు. రాకపోతే నీ వేషం ఇంకొకడికి. స్టూడియోవాళ్ళు చెప్పేశారు."

ఆ రోజుల్లో సినిమాల్లో పేల్చేవి నిజం తూటాలే. గోడకు ఆనుకున్న నటుడి తల పక్కన జానెడు దూరంలో సుద్దతో గీత గీసేవారు. దాని మీదికి పేల్చేవాడు కార్వర్. ఇంతవరకూ ఒక్కసారీ గురి తప్పలేదు.

"కార్వర్‌కి జ్వరం. ఇవాళ ఈయన పేలుస్తాడు" అన్నాడు క్రాట్జ్.

వచ్చినవాణ్ణి చూసి హార్లిగన్‌కి ఒళ్ళు మండింది. ఎవడో ముసలాడు. చేతులు గడగడలాడుతున్నాయి. జేబులోంచి సీసా తీసి గటగటా తాగితే సగం గడ్డం మీదే ఒలికింది.

"ఈ తాగుబోతు వెధవా? వీడు గోడని కొడితేనే గొప్ప!"

ముసలాడు గుడ్లురిమాడు. "నోరు జాగ్రత్త, హీరోగారూ. గోడా, మీ బుర్రా పక్కపక్కనే ఉంటాయి."

"ఏరా, బెదిరిస్తున్నావా?"

"మీకు భయమే లేదటగా!" ముసలాడు కళ్ళు చికిలించి గోడకేసి చూశాడు. "ఇంతకీ ఏ గీత? నాకు రెండు కనిపిస్తున్నాయి."

సెట్లో ఎవరూ నవ్వలేదు. వెళ్ళిపోదామంటే వేషం పోతుంది. హార్లిగన్ పళ్ళు నూరుతూ గోడకు ఆనుకున్నాడు. ముసలాడు తూలుకుంటూ దీపాల వెనకున్న మంచె ఎక్కాడు. కళ్ళలో పడుతున్న ఆ వెలుగుకి ఇక అటువైపు ఏమీ కనిపించలేదు.

"యాక్షన్!"

తుపాకీ దడదడలాడింది. చెవి పక్కన పెచ్చులు లేచిపోయాయి. హార్లిగన్ రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకున్నాడు.

"వద్దు... వద్దురా నాయనా!" చంటిపిల్లాడిలా బావురుమన్నాడు.

"కట్! అదీ! అదే నాక్కావలసింది!" క్రాట్జ్ ఎగిరి గంతేశాడు.

ఇంతమంది ముందు ఏడ్చినందుకు హార్లిగన్‌కి తల కొట్టేసినట్టయింది. మంచె మీదికి ఒక్క ఉరుకు ఉరికాడు. "ఏడీ ఆ తాగుబోతు? పీక పిసికేస్తా!"

తుపాకీ వెనక కూర్చున్నవాడు జ్వరమూ గిరమూ లేని కార్వర్. ఆ పక్కన ముసలాయన ఇసుమంతైనా వణకని చేత్తో సీసాలోని చల్లారిన టీ కప్పులోకి వంచుతూ, "నా వేషం ఎలా ఉందండీ, క్రాట్జ్‌గారూ?" అని కిందికి కేకేశాడు.